ముందు ఆయిల్ మార్చండి, గేర్‌బాక్సు సంగతి తర్వాత

భీమవరంలోనో తణుకులోనో పాత అంబాసిడర్‌ని షెడ్డుకి తీసుకెళ్తే, గేరు ఇబ్బంది పెడుతోందన్న మాట పూర్తికాకుండానే సలహా వచ్చేస్తుంది: “ఇది పీకేసి ఫైవ్ స్పీడ్ వేసేద్దామండీ.” స్టీరింగ్ పక్కనుండే హ్యాండ్ గేరుతో విసిగిపోయిన యజమాని ఇట్టే సరేనంటాడు. నన్నడిగితే చాలా బళ్లకి ఆ ఖర్చు దండగ.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లండు కారు నుంచి వచ్చిన ఆ నాలుగు గేర్ల బాక్సులో ఫస్ట్‌కి సింక్రో, అంటే తిరిగే పళ్ల వేగాలు కలిపి గేరు మెత్తగా పడేలా చేసే ఏర్పాటు, లేదు. బండి పూర్తిగా ఆగకముందే ఫస్ట్‌లోకి నెడితే పళ్లు కరకరమంటాయి. అది జబ్బు కాదు, దాని తయారీయే అంత. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ వదిలి, కాస్త ఎక్సలేటర్ ఇచ్చి, మళ్లీ తొక్కి గేరు వేస్తే చప్పుడు లేకుండా పడుతుంది. వెనకటి లారీ డ్రైవర్లు రోజంతా చేసిన డబుల్ క్లచ్ ఇదే. అసలు మన గోదావరి డెల్టాలో దీని అవసరమెంత? లాకుల దగ్గర ఇరుకు వంతెన మీద ఎదురు బండికి దారిచ్చి, ఆగీ ఆగకుండా కదిలేటప్పుడు. నేల బల్లపరుపు కాబట్టి, మిగతా దారంతా టాప్‌లో కాలవ గట్టు వెంట పోవడమే.

ఇక గేరు సరిగా పడడం లేదంటే, బాక్సు విప్పేముందు స్టీరింగ్ కింద గేరు కర్రని బాక్సుతో కలిపే లింకేజీ కడ్డీల బుష్‌లు (కీళ్లలోని చిన్న తొడుగులు) చూడాలి. అరిగిన బుష్‌ల పాపం తరచూ బాక్సు నెత్తిన పడుతుంటుంది. ఆ తర్వాత ఆయిల్. సింక్రో రింగులు ఇత్తడివి. జీఎల్-5 రకం గేరు ఆయిళ్లలో కలిపే గంధకపు రసాయనాలు ఇత్తడికి పడవు. గేరు ఆయిల్ పోస్తే, ఆ రసాయనాలు తక్కువుండే జీఎల్-4 రకమే పోయాలి. ఖరీదైన ఆయిల్ పోసి చెడగొట్టుకోవడమంటే ఇదే మరి.

ఐదో గేరు వాదనలో పస లేకపోలేదు. 16వ నంబరు హైవే మీద పాత 1489 సీసీ ఇంజిన్ అరుపు తగ్గుతుంది, పెట్రోలూ కాస్త మిగులుతుంది. కానీ ఆ వేగాన్ని ఆపాల్సింది పాత డ్రమ్ బ్రేకులే. పైగా స్క్రాప్‌లో ఎక్కువగా దొరికే ఐదు గేర్ల బాక్సు, తర్వాతి అంబాసిడర్లలో వచ్చిన జపాన్ ఇసుజు ఇంజిన్ కోసం చేసింది, పాత ఇంజిన్‌కి నేరుగా అతకదు. దాంతో ఇంజినూ మార్చేద్దామంటారు. ఫ్లోర్ గేరు కోసం నేలరేకు కోస్తారు, బాక్సు నుంచి వెనక చక్రాలకి శక్తిని అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మారుస్తారు. నర్సాపురం ఉప్పుగాలికి ఆ కోసిన అంచు తుప్పు పట్టడానికి ఎన్నాళ్లో పట్టదు.

2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు కూడా ఇక్కడే తగులుతాయి. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండి, ఛాసీ, బాడీ, ఇంజిన్లలో మార్పు లేకుండా ఉంటే, వింటేజ్‌గా నమోదవుతుంది; కొత్తగా రిజిస్టర్ చేస్తే 20,000 రూపాయల ఫీజుతో ‘వీఏ’ వరస నంబరు వస్తుంది, ముందే నంబరున్న బండికి పాతదే ఉంచుకోవచ్చు. గేర్‌బాక్సు పేరు అందులో లేదు. అయితే దాని కోసం మార్చే ఇంజిన్ ఉంది, కోసే బాడీ ఉంది. పోనీ అలా నమోదు చేయించాక రోజూ తిప్పొచ్చా అంటే అదీ కుదరదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, రిపేరుకి, అలాంటి కొద్ది పనులకి తప్ప రోడ్డెక్కకూడదు. ర్యాలీకి ఐదో గేరెందుకు?

రొయ్యల చెరువుల మీద రోజూ మేతబస్తాలు మోసే పాత జీపు సంగతి వేరు. దానికి దొరికిన బాక్సు వేసుకుని బతికించుకోవడమే న్యాయం. కారైనా, పళ్లు విరిగి స్పేర్లు దొరక్కపోతే మార్చక తప్పదు. అప్పుడు నేను పెట్టే షరతు ఒక్కటే: బోల్టులతో బిగేదే వేయండి, గ్యాస్ కటింగ్ వద్దు. పాత బాక్సుకి గ్రీజు పూసి అటకెక్కించండి. బండి అమ్మిననాడు అదీ కొన్నవాడికే చెందాలి.