కుర్చీలు మోయు యువశక్తికి వందనం

జనవరి 12న, స్వామి వివేకానంద జయంతి నాడు, మా జిల్లా కేంద్రంలో జరిగిన యువజన దినోత్సవ సభకు నన్ను కూడా పిలిచారు. ఆనాటి అంశం ‘పాలనలో యువత భాగస్వామ్యం’. యువత గొంతు ఎవరికీ వినపడడం లేదని వాపోయే వారితో నేనిక ఏకీభవించలేను. ‘అన్నా, స్టేజీ మీదికి ఇంకో నాలుగు కుర్చీలంట’ అని ఒక డిగ్రీ కుర్రవాడు వేసిన కేక హాలంతా మారుమోగడం నేను స్వయంగా విన్నాను.

వేదికపై పదిహేడు మంది ఆసీనులయ్యారు. వారిలో అతి పిన్నవయస్కులైన ‘యువకిశోరం’ గారు యాభైకి రెండేళ్ల దూరంలో ఉన్నారు. యువత అంటే 15 నుంచి 29 ఏళ్ల వారని 2014 నాటి జాతీయ యువజన విధానం తేల్చింది గాని, మన ఫ్లెక్సీలు దానిని ఇంకా ఆమోదించినట్లు లేదు. ఆ నిర్వచనానికి సరిపోయే వారు సభలో లేరని మాత్రం అనరాదు. జ్యోతి ప్రజ్వలన వేళ అగ్గిపెట్టె కోసం పరుగెత్తినది వారే. ఒక స్వచ్ఛంద సంస్థ తెల్ల టీషర్టులు తొడిగి తీసుకొచ్చిన ఇరవై మందికి పౌరసమాజంలో కూడా స్థానం దక్కింది. అది బ్యానరుకు అటు చివరా ఇటు చివరా.

అన్నిటికన్నా శాలువాల ఘట్టం చిరస్మరణీయం. పెద్దలు పదిహేడు మంది, శాలువాలు పదహారు. నిర్వాహకులు నిశ్చేష్టులై నిలబడగా, ఒక ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థిని కుర్చీల వెనుకగా వంగి వంగి వెళ్లి, మొదటి సన్మానితులు మడిచి కుర్చీ కింద పెట్టుకున్న శాలువాను నిశ్శబ్దంగా సంగ్రహించి, దులిపి, పదిహేడవ వారి భుజాలపై కప్పించింది. ఆ రోజు పాలనలో యువత చూపిన చొరవ ఇదొక్కటే.

‘యువత స్పందన’కు చివర ఐదు నిమిషాలు కేటాయించారు. ఆ అమ్మాయే మైకు దగ్గరికి వచ్చి, ‘సార్, మా హాస్టల్‌లో వారం నుంచి నీళ్లు రావడం లేదు’ అన్నది. ‘సబ్జెక్టు మీద మాట్లాడమ్మా’ అని యువకిశోరం గారు వాత్సల్యంతో మందలించారు. ఆ వెంటనే జాతీయ గీతం మొదలైంది, అందరం లేచి నిలబడ్డాం.

ఇందులో రాజ్యాంగ విరుద్ధమేమీ లేదు. 18 ఏళ్లకు ఓటు, 21కి పంచాయతీ వార్డు, 25కి శాసనసభ, 30కి రాజ్యసభ. యువజన విధానం లెక్కలో యౌవనం 29తోనే ముగుస్తుంది కాబట్టి, పెద్దల సభ గడప దాటగలిగే యువకుడు శాసన ప్రకారం ఈ దేశంలో పుట్టజాలడు.

అయితే నీళ్లు రావడం లేదని చెప్పుకోవడానికి ఆ పిల్లకు ఏడాదికొక సభ ఎందుకు కావలసి వచ్చింది? ఆమె ఓటేసి గెలిపించుకున్న విద్యార్థి సంఘం వార్డెన్‌ను నిలదీసి అడగవలసిన మాట అది. కాని ఉమ్మడి రాష్ట్రంలో విశ్వవిద్యాలయాల విద్యార్థి సంఘాల ఎన్నికలు 1980ల చివర ఆగిపోయాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1989 మార్చిలో, 61వ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చి ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. ప్రధానమంత్రిని నిర్ణయించే వివేకం ఉన్నదని దేశం ఒప్పుకున్న పిల్లలకు, మెస్ కార్యదర్శిని ఎన్నుకునే వివేకం లేదని మనం తేల్చాం. గొడవలు, హత్యలు జరిగాయన్నారు. జరిగాయి. మరి పోలింగ్ బూతుల దగ్గర తలలు పగిలినప్పుడు శాసనసభ ఎన్నికలను ఎవరైనా రద్దు చేశారా? అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటరాదనీ, 75 శాతం హాజరు ఉండాలనీ విద్యార్థి సంఘాల ఎన్నికలపై వేసిన లింగ్డో కమిటీ పెట్టిన నియమాలను పాటించమని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎన్నికలు జరుగుతున్నాయి. అది గచ్చిబౌలిలో ఉన్నది, చంద్రమండలంలో కాదు. ఒకప్పుడు విద్యార్థి సంఘాల ఎన్నికల్లో గెలిచే నాయకులై, ఏరు దాటాక తెప్ప తగలేసి, ఇప్పుడు ‘యువత రాజకీయాల్లోకి రావాలి’ అని మైకు పట్టుకుని ఉపన్యసించడానికి సిగ్గు అడ్డురాదా? మీ కొడుకులకు నియోజకవర్గాలు, ఊరి పిల్లలకు పార్టిసిపేషన్ సర్టిఫికెట్లా?

క్షమించాలి, సభ వివరాలు చెబుతున్నాను. సర్టిఫికెట్లు పంచడం పూర్తయ్యాక వేదిక ఖాళీ అయింది. ఆ అమ్మాయీ, కేక వేసిన కుర్రవాడూ కుర్చీలు ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ నేను కూర్చున్న వరుస దాకా వచ్చారు.

‘సార్, మీరు లేస్తే ఇది కూడా తీసేస్తాం’ అన్నాడు కుర్రవాడు.