641 దగ్గర కాసేపు ఆగాల్సింది

మీ వ్యాసంలో 4294967297 ప్రధాన సంఖ్య కాదని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. అసలు రుచంతా అక్కడే ఉందండీ! 2ను 32 సార్లు గుణించి 1 కలిపితే వచ్చే సంఖ్య ఇది. గణితవేత్త ఫెర్మా దీన్ని ప్రధాన సంఖ్యే అనుకున్నాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ ఇది 641 × 6700417 అని తేల్చాడు.

దీనికి గుడ్డిగా భాగిస్తూ పోనక్కర్లేదు. దీని ప్రధాన భాజకం ఏదైనా సరే, 64తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదోదానికే దొరికిపోతుంది!

నిన్న రాత్రి మా అమ్మాయి రఫ్ నోట్‌బుక్‌లో కాలిక్యులేటర్ లేకుండానే రాసి చూపించాను. 5 × 128 అంటే 640, 641కి ఒకటే తక్కువ. 5 × 5 × 5 × 5 అంటే 625, 641కి సరిగ్గా 16 తక్కువ. ఆ 16 కూడా 2 × 2 × 2 × 2నే. అంటే 641తో భాగించేటప్పుడు శేషం కోసం 640 బదులు మైనస్ 1, 625 బదులు మైనస్ 16 పెట్టుకోవచ్చు. నాలుగు 640లను గుణిస్తే శేషం 1. అదే లబ్ధం 625ను 28 రెళ్లతో గుణించినదే; 625 బదులు మైనస్ 16 పెట్టండి, 32 రెళ్ల లబ్ధానికి మైనస్ గుర్తు పెట్టినట్టవుతుంది. దాని శేషం 1 కాబట్టి, 32 రెళ్ల లబ్ధానికి 1 కలిపితే, అంటే 4294967297ని 641తో భాగిస్తే, శేషం సున్నా అని తేలిపోతుంది. ఈ నాలుగు ముక్కలూ వ్యాసంలో చేర్చండి, ప్లీజ్.