"మావాడికి కాస్త గట్టిగా చెప్పండి మేడమ్"

తెలుగునాట కౌన్సెలింగ్ అనే మాటకు రెండు అర్థాలే స్థిరపడ్డాయి. ఒకటి, ర్యాంకు కార్డు పట్టుకుని ఇంజినీరింగ్ సీటు కోసం ఆప్షన్లు పెట్టుకోవడం. రెండోది పోలీసులు ఇచ్చేది. తాగి బండి నడిపినవాళ్లనో, రౌడీషీటర్లనో స్టేషన్‌కు పిలిచి 'కౌన్సెలింగ్ ఇచ్చారు' అని మర్నాడు జిల్లా పేజీలో వార్త వస్తుంది. వాళ్లకు ఇచ్చింది చీవాట్లేనని చదివేవాళ్లందరికీ తెలుసు. ఫోన్‌లో గంట లెక్కన బుక్ చేసుకునే ఫ్యామిలీ కౌన్సెలింగ్‌ను కూడా మన తల్లిదండ్రులు ఈ రెండో అర్థంలోనే కొంటున్నారు. "మావాడికి కాస్త గట్టిగా చెప్పండి మేడమ్, మా మాట వినడం లేదు" అని ఫోన్ పిల్లాడి చేతిలో పెట్టేసి అమ్మ వంటింట్లోకి, నాన్న ఆఫీసు కాల్‌లోకి వెళ్లిపోతారు.

ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌తో నాకు పేచీ లేదు. ఫోన్ అప్పగించి తప్పుకునే ఆ పద్ధతితోనే పేచీ.

'ఎదురుగా కూర్చుని మాట్లాడుకోనిదే కుటుంబ సమస్య తేలుతుందా' అనేవాళ్లు ఒకసారి జగిత్యాల, నిజామాబాద్ పల్లెలకో, రాజంపేట, కోనసీమ వైపుకో వెళ్లి రావాలి. నాన్న దుబాయ్‌లో ఉంటాడు, లేదంటే అమ్మ కువైట్‌లో ఎవరింట్లోనో పనిచేస్తుంటుంది. పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతుంటారు. హోంవర్క్ చేశావా అని అడగడం, మార్కులు తగ్గాయని తిట్టడం, పుట్టినరోజుకి ఏడవడం, అన్నీ వీడియో కాల్‌లోనే. అలాంటి కుటుంబాన్ని కౌన్సెలర్ ముందు కూర్చోబెట్టడమంటే రెండేళ్లకోసారి వచ్చే సెలవు దాకా ఆగడమే. ఆ ఇంట్లో అందరూ ఒకచోట కలిసేది ఆ ఆరంగుళాల తెర మీదే. కౌన్సెలర్ కూడా అక్కడికే రావాలి.

కౌన్సెలర్ దూరంగా ఉండటంలో ఇంకో మేలుంది. మన దగ్గర ఇంటి గొడవ తీర్చే హక్కు మేనమామకో, పెద్దమనుషులకో ఉండేది. వాళ్లు సర్ది చెప్పేవారు, నిజమే. ఆ తర్వాత పదేళ్లపాటు ప్రతి పెళ్లిలోనూ ఆ సంగతి ఎత్తేవారు కూడా. ఊరూ పేరూ తెలియని మనిషి దగ్గర నోరు విప్పడం ఎంత తేలికో తెలుగు ఆడవాళ్లకు ఎప్పుడో తెలుసు. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ నడిపిన 'ప్రమదావనం' శీర్షికకు దశాబ్దాలపాటు ఉత్తరాలు రాసిన ఆడవాళ్లలో తల్లికి చెప్పుకోలేనిది ఆమెకు చెప్పుకున్నవాళ్లు ఎందరో.

నాకు తెలిసిన ఒకావిడ కూకట్‌పల్లిలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఉంటుంది. ఒక గది అత్తమామలది. రెండోదాంట్లో ఇంటర్ చదివే కొడుకు. హాల్లో టీవీ. ఆమెకంటూ తలుపు వేసుకునే చోటు ఆ ఇంట్లో లేదు. గురువారం సాయంత్రం ఏడింటికి కూరగాయల సంచీ పట్టుకుని సెల్లార్‌లోకి దిగి, కారులో అద్దాలెక్కించుకుని కౌన్సెలర్‌తో మాట్లాడుతుంది. ఏసీ వేస్తే ఇంజిన్ చప్పుడు, వేయకపోతే చెమట. సిగ్నల్ అంతంతమాత్రం. వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి అద్దం కొట్టి 'ఏమైందమ్మా' అని అడిగాడట. మూడోవారం కౌన్సెలర్ అడిగిన ప్రశ్న ఒకటే: "అబ్బాయి సంగతి సరే, మీవారెప్పుడు వస్తారు?" ఆయన వచ్చాడు, కెమెరా ఆఫ్ చేసుకుని. ఇరవై నిమిషాల్లో ఆయన మాట్లాడింది ఫీజు గురించి: కాలేజీకి ఎంత కట్టాడో, కోచింగ్‌కు ఎంత కట్టాడో, ఇప్పుడు దీనికెంతో. కొడుకు ఆర్నెల్లుగా తనతో ఎందుకు మాట్లాడటం లేదో ఆ లెక్కలోనే ఉంది. వినిపించాల్సిన మనిషికి తప్ప మిగతా ఇద్దరికీ వినిపించింది.

వ్యతిరేకించేవాళ్ల దగ్గరా గట్టి మాటలు లేకపోలేదు. భర్త జబల్‌పూర్‌లో వేసిన విడాకుల కేసును భార్య హైదరాబాద్‌కు మార్చమన్నప్పుడు, 2017 మార్చిలో సుప్రీంకోర్టు వీడియో విచారణకు దారి చూపింది. అదే ఏడాది అక్టోబరులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం, రాజీ ప్రయత్నాల దశలో వీడియో కుదరదని 2-1 మెజారిటీతో చెప్పింది. అది కొవిడ్‌కు ముందు మాట. ఆ తర్వాత కోర్టులే తెర మీదికి వచ్చాయి. ఇక బోగస్ కౌన్సెలర్ల బెడద నిజమే. ఎవరు పడితే వాళ్లు 'పేరెంటింగ్ కోచ్' అని బోర్డు పెట్టేస్తున్నారు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నంబరు ఉంటుంది, సైకియాట్రిస్టుకు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. మొహమాటం లేకుండా అడగాలి. చెప్పుకున్నది ఎక్కడికి పోతుందో కూడా అడగాలి. కస్టమర్ల వివరాలను ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటివాటికి ఇచ్చారన్న ఆరోపణ మీద అమెరికాలో బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ కంపెనీ 2023లో 78 లక్షల డాలర్లకు సెటిల్ చేసుకోవాల్సి వచ్చింది. కొట్టే మొగుడు పక్కగదిలో ఉంటే మాత్రం ఈ వ్యాసమంతా పక్కన పెట్టి మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి.

డబ్బుల్లేనివాళ్లకు 14416 ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ అది. రాత్రీపగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. అయితే ఆ ఫోన్ ఎవరిది అన్నది ఇంకో ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉందన్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో సగానికి కాస్త తక్కువే. మొగుడి ఫోన్‌లోంచి మొగుడి గురించి చెప్పుకునే ధైర్యం ఎందరికుంటుంది?

ఇంతకీ ఈ పిల్లలు మాట్లాడటం ఎప్పుడు మానేశారు? చాలా ఇళ్లలో జవాబు ఒకటే: టెన్త్ అయిన వేసవిలో. పదిహేనేళ్లవాణ్ని ట్రంకుపెట్టె, బకెట్, పరుపుతో రెసిడెన్షియల్ కాలేజీలో దించి వస్తాం. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్. ఔటింగ్ రోజు గేటు దగ్గర పులిహోర డబ్బాతో నిలబడి మనం అడిగే మొదటి మాట 'వీకెండ్ టెస్టులో ఎంతొచ్చింది' అని. రెండేళ్ల తర్వాత ఇంటికొచ్చిన పిల్లాడు తలుపేసుకుంటే, వాడికేదో అయిందని యాప్ తెరుస్తాం. గొంతు మారిన రెండేళ్లూ, మీసం వచ్చిన రెండేళ్లూ వాణ్ని వార్డెన్ చేతికి ఇచ్చింది మనమే. దీన్ని 'మంచి చదువు' అని పిలుచుకుంటున్నాం కాబట్టి ఎవరికీ తప్పనిపించదు. రెండు రాష్ట్రాల్లో ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ కాలేజీల జోలికి పోదు. వాటిలో సీటు కోసం క్యూ కట్టేది మనమే కదా.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణించిన కేసులో, 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. ఈ ముక్క అందరూ రాశారు. తల్లిదండ్రులకు కూడా ప్రత్యక్షంగా గానీ ఆన్‌లైన్‌లో గానీ క్రమం తప్పకుండా అవగాహన కార్యక్రమాలు పెట్టాలని అందులోనే ఉంది. నా దృష్టిలో ఆ తీర్పులో అసలైన వాక్యం అదే. అమలుకు కొత్త చట్టం అక్కర్లేదు. అడ్మిషన్ ఫారమ్ మీద ఇద్దరి సంతకం తీసుకున్నట్టే ఆ క్లాసుకూ ఇద్దరి హాజరు తీసుకోవచ్చు. దుబాయ్ నాన్నకు లింక్ పంపితే చాలు, కెమెరా ఆన్‌లో ఉండాలని షరతు పెట్టొచ్చు.

14416 పోస్టర్‌ను కాలేజీల్లో పిల్లలు తిరిగే వరండాలో అంటిస్తున్నారు. ఆ పిల్లల చేతిలో ఫోనే ఉండదు. దాన్ని ఫీజు రసీదు మీద, కట్టిన మొత్తం కింద అచ్చు వేయించండి. నాన్నలు రసీదు మాత్రం జాగ్రత్తగా చదువుతారు.