డెస్క్‌టాప్‌లో భూసేకరణ

పోర్టుకో రిజర్వాయరుకో భూమి కావాలంటే ముందు నోటిఫికేషను, తర్వాత సర్వే, ఆ తర్వాత పరిహారం, చివర్న ధర్నా. శ్రీకాకుళం జిల్లా వాళ్ళకి ఈ వరస ఎవరూ నేర్పక్కర్లేదు. అలాంటి జిల్లాలో గ్రామసభ ఊసే లేకుండా ఒక విస్తరణ యథేచ్ఛగా సాగిపోతోంది: ఆఫీసులు వాడి వదిలేసిన బుల్లి డెస్క్‌టాప్‌లు సెకండ్‌హ్యాండ్‌లో కొని, వాటిలోకి కంప్యూటర్ ఆటల బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డులు దూర్చడం.

మా ఇంట్లో ఈ ప్రాజెక్టుకి ఆద్యుడు మేనల్లుడు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు కాబట్టి ఏ ఆటకి ఎన్ని ఫ్రేములొస్తాయో నిద్రలో లేపినా చెప్తాడు. పెట్టెలో చోటెంతుందో మాత్రం వాడి సిలబస్‌లో లేదు. అందుచేత సర్వే బాధ్యత నా మీద పడింది. జామెట్రీ బాక్సులో స్కేలు తీసి, మూత విప్పాను.

మామూలు కార్డు వెనక రేకు పొడుగు 120 మిల్లీమీటర్లు. ఇందులో పట్టేది లో ప్రొఫైల్, అంటే పొట్టి రకం కార్డు. దాని ఎత్తు సుమారు 69. కార్డు గుచ్చే స్లాటుకి ఒక పక్క పవర్ సప్లయ్. పలుకుబడి గల ఆసామి, కదలడు. ఎదురుగా హార్డ్‌డిస్కుది పాత కాపురం. దాని డేటా మోసే సాటా కేబులు సరిగ్గా కార్డు వెళ్ళే దారిలోనే చుట్ట చుట్టుకుని పడుకుంది. డీవీడీ డ్రైవు నోరు తెరిచి ఏళ్ళయింది కనక దానికి పరిహారం అక్కర్లేదని కమిటీ, అంటే నేను, ఏకగ్రీవంగా తీర్మానించాను.

ఇక కరెంటు. స్లాటు ఇచ్చేది 75 వాట్లే. అంతకు మించి కావాలంటే పవర్ సప్లయ్ నుంచి విడిగా తీగ రావాలి. ఈ ఆఫీసు పెట్టెల్లో సప్లయ్ సామర్థ్యమే 180, 240 వాట్లు, ఆ తీగ చాలావాటికి ఉండదు. ఆర్‌టీఎక్స్ 4060 అనే కార్డు లో ప్రొఫైల్‌లోనూ దొరుకుతుంది గానీ 115 వాట్లు అడుగుతుంది. ఇళ్ళు కట్టించి మీటర్లు బిగించని కాలనీలు మనకేమీ కొత్త కాదు.

పోనీ ఆర్‌టీఎక్స్ 3050 తీసుకుందామా అంటే, ఏ 3050? 2022లో వచ్చిన 8 జీబీ కార్డు 130 వాట్లు తాగుతుంది. 2024 ఫిబ్రవరిలో అదే పేరుతో 6 జీబీది దించారు. లెక్కలు చేసే కోర్లు తక్కువ, 70 వాట్లు చాలు. మనకి పనికొచ్చేది రెండోది. పేరు నమ్ముకుని కొనేవాడి గతి, శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి ఆమదాలవలస వీధుల్లో శ్రీకాకుళం వెతుక్కునేవాడి గతే. జీటీ 1030 అయితే మరీ ఘోరం. 2017లో జీడీడీఆర్5 అనే వేగమైన మెమరీతో వచ్చింది, మరుసటేడు డీడీఆర్4తో ఇంకోటి. మెమరీ వేగం సెకనుకి 48 జీబీ నుంచి 16.8కి పడిపోయింది, పేరు మాత్రం చెక్కుచెదరలేదు. ఎక్కడా రాస్తారోకో కూడా జరగలేదు.

ఆర్‌ఎక్స్ 6400 ఒద్దికైనదే, 53 వాట్లతో సరిపెట్టుకుంటుంది. అయితే 16 లేన్ల (డేటా దారుల) స్లాటులో నాలుగే వాడుకుంటుంది. మదర్‌బోర్డు పాత, నెమ్మదైన పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 కాలం నాటిదైతే కొన్ని ఆటల్లో నత్తనడకే. పైగా వీడియో ఎన్‌కోడర్ లేదు. ఆడింది రికార్డు చేసి ఊరికి చూపిద్దామనుకునే మా వాడికి అంతకంటే అవమానం ఉంటుందా?

కాబట్టి నా నివేదికలో 6 జీబీ 3050నే సిఫారసు చేశాను, లో ప్రొఫైల్‌ది. అది పక్క స్లాటు మీదికీ ఒరుగుతుంది; అక్కడ వైఫై కార్డుంటే ఖాళీ చేయించాలి. సెకండ్‌హ్యాండ్ అయితే ముందు పొట్టి రేకు ఉందా అని అడగాలి. కొత్తలో చాలావాటికి పొడుగు రేకు బిగించి, పొట్టిది చిన్న కవర్లో పెట్టి ఇస్తారు. ఆ కవరు ఏ ఇంట్లోనూ దొరకదు.

డే అండ్ నైట్ జంక్షన్ వైపు ఒక కంప్యూటర్ షాపాయనకి ఇదంతా వివరిస్తే, ‘ఏటి బావూ, కేబినెట్టు మార్చేస్తే పోనేదా?’ అన్నాడు. ఈ రకం పెట్టెల్లో బోర్డూ, సప్లయ్యీ సాధారణంగా కంపెనీ సొంత కొలతలవి, మామూలు కేబినెట్లో కూర్చోవు. పునరావాసం అంత సులువైతే వంశధార నిర్వాసితులు అన్నేళ్ళు ఎందుకు తిరిగారు?

నివేదిక ఇంకా పరిశీలనలో ఉండగానే మేనల్లుడు స్నేహితుడి దగ్గర ఫుల్‌హైట్ జీటీఎక్స్ 1650 తెచ్చి, రేకు విప్పేసి, పెట్టె మూత తీసేసి బిగించేశాడు. నడుస్తోంది. కార్డు పైకప్పు దాటి, ప్లాను లేని అంతస్తులా లేచి నిలబడింది. ‘మూత ఎప్పుడేస్తావురా?’ అనడిగాను.

‘క్రమబద్ధీకరణ పథకం వస్తాది కదా మావయ్యా, అప్పుడు సూద్దాం.’