వారు అమాయకులు కారు

మతగురువు జిమ్ జోన్స్ దక్షిణ అమెరికాలోని గయానా అడవిలో తన అనుచరులతో ఏర్పరచిన స్థావరం జోన్స్‌టౌన్. అక్కడి మృతులను మీ పత్రికలో వ్యాసకర్త 'అమాయకులు', అంటే ఏమీ తెలియక మోసపోయినవారు, అని ఒక్క మాటతో తేల్చేశారు. నాకు బాధ కలిగింది. 1950లలో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో నల్లవారూ తెల్లవారూ పక్కపక్కన కూర్చుని ప్రార్థించే చోట్లు ఎన్ని ఉండేవి? జిమ్ జోన్స్ మందిరంలో ఆకలికి అన్నం, వృద్ధులకు ఆసరా కూడా దొరికేవి. జనం వెళ్లింది ఆ మంచి కోసమే.

జోన్స్ పట్టు ఆ తర్వాత కొద్దికొద్దిగా బిగిసింది. మొదట జీతంలో వాటా, తర్వాత ఇల్లూ వాకిలీ. అందరి ఎదుట తప్పులు ఒప్పించడం, కొట్టించడం. గయానా అడవికి చేరాక పాస్‌పోర్టులు లాక్కున్నారు. ఉత్తరాలు చదివాకే బయటికి పంపేవారు. లౌడ్‌స్పీకర్లలో పగలూ రాత్రీ అతని గొంతే. చావుకు రిహార్సళ్లు కూడా జరిగాయి: విషమని చెప్పి తాగించి, ఆ తర్వాత అది పరీక్ష అనేవాడు.

1978 నవంబర్ 18న అక్కడ 900 మందికి పైగా చనిపోయారు. వారిలో సుమారు 300 మంది పిల్లలు, మైనర్లు. పసివాళ్ల నోట్లో సిరంజీలతో విషం పోశారు, చుట్టూ తుపాకుల కాపలా. దయచేసి దాన్ని 'సామూహిక ఆత్మహత్య' అని రాయకండి.

ఆ రోజు అక్కడ రికార్డయిన టేపులో ఒక మహిళ లేచి, పిల్లలకు బతికే హక్కు ఉందని వాదిస్తుంది. జోన్స్ ఆమెకు జవాబు చెబుతూనే ఉన్నాడు. ఆమె నోరు మూయించింది మాత్రం ఇంతకాలం ఆమెతో కలిసి తిని, కలిసి పాడిన తోటి సభ్యులే.