ఏ టాపిక్‌కైనా సెట్ అయ్యే ఇంట్రో అంటూ ఒకటి ఉండదు బాబూ

గ్రూప్-1 మెయిన్స్‌లో వ్యాసాల పేపర్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ అదే ఫార్వర్డ్ తిరుగుతోంది. ఎగ్జామినర్ మొదటి పేరా, చివరి పేరానే చూస్తాడంట, కాబట్టి కొటేషన్‌తో మొదలెట్టి మధ్యలో ఏదోటి నింపి చివర్లో సమ్మరీ పెట్టేస్తే చాలంట, పైగా ఏ టాపిక్‌కైనా పనికొచ్చే పది ఇంట్రోలు కింద ఇచ్చారు. రెండుసార్లు మెయిన్స్ రాసి ఇప్పుడు టెస్ట్ సిరీస్ పేపర్లు దిద్దుతున్నా కాబట్టి ఊరుకోలేక రాస్తున్నా.

మధ్యలో చదవరు అనేది మొదటి అబద్ధం. సివిల్స్ పెట్టే యూపీఎస్సీ వాళ్లు వాళ్ల వ్యాసాల పేపర్ సిలబస్‌లోనే రాసిపెట్టారు, టాపిక్ వదలకుండా, ఆలోచనలు ఒక వరసలో పెట్టి, క్లుప్తంగా రాయమని. వరస ఉందో లేదో రెండు పేరాలు చూస్తే తెలిసిపోతుందా?

ఇక కొటేషన్లు. "ప్రపంచంలో కోరుకునే మార్పు ముందు నువ్వే అవ్వు" అని గాంధీ అన్నాడని ఆ లిస్టులో ఫస్ట్ ఉంది. ఆ మాటలు అలాగే ఆయన రాతల్లో ఎక్కడా దొరకలేదు, 1913లో తన పత్రిక ఇండియన్ ఒపీనియన్‌లో కాస్త దగ్గరగా ఉండే మాట ఒకటి రాశాడు, అంతే. పోనీ నిజమైన కొటేషనే అనుకుందాం, మొన్న ఒక కట్టలో ఇదే మాటతో మొదలైన పేపర్లు వరసగా వచ్చాయి, టాపిక్ ఏమో భూగర్భ జలాలు!

రెడీమేడ్ ఇంట్రో ఎందుకు పనికిరాదో చూపిస్తా. టాపిక్ పట్టణ వరదలు అనుకోండి. "నేటి ఆధునిక యుగంలో వరదలు పెను సవాలుగా మారాయి" అని రాస్తే వరదలు తీసేసి నిరుద్యోగం పెట్టినా తేడా రాదు. దానికి బదులు ఇలా రాసి చూడండి: "1908 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌ని ముంచింది మూసీ. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. 2020 అక్టోబర్‌లో మాత్రం కాలనీల మీద పడింది తెగిన చెరువులు." మూడే వాక్యాలు, కానీ అప్పుడు నది, ఇప్పుడు చెరువులు అనే తేడా పడిపోయింది, అంటే వ్యాసం ఎటు పోతుందో చదివేవాడికి అర్థమైపోయింది, మీకు కూడా గొలుసుకట్టు చెరువులు, నాలాలు, శిఖం భూముల (అంటే చెరువు లోపలి భూముల) కబ్జాలు అని పేరాల వరస దానంతట అదే వచ్చేస్తుంది.

ముగింపు సమ్మరీ అన్నది అన్నిటికంటే డేంజర్. చెప్పిందే మళ్లీ చెప్పి "కావున మనమందరం చేయి చేయి కలిపి" అనగానే నాకైతే పెన్ను మార్కుల కాలమ్ దగ్గరే ఆగిపోతుంది. పై వ్యాసానికే అయితే "శిఖం భూముల్లో ఇళ్లు లేస్తున్నంతకాలం నాలాలు ఎంత వెడల్పు చేసినా నీళ్లు సెల్లార్లలోకే వస్తాయి" అని ఒక వైపు నిలబడి ఆపేయండి, చాలు.

ఇంట్రో కరెక్ట్‌గా వంద పదాలే ఉండాలని కూడా ఆ ఫార్వర్డ్‌లో అన్నారు, అది వదిలేయండి, తెలంగాణ గ్రూప్-1 వ్యాసాల పేపర్లో 150 మార్కులకి మూడు వ్యాసాలు, పదాలు లెక్కపెడుతూ కూర్చుంటే మూడోది సగంలో ఉండగానే బెల్ కొట్టేస్తారు.