రూబీ కథలో పేజీలు దాటేయకండి

"కిండర్‌గార్టెన్ పిల్లకి ఇవన్నీ ఇప్పుడే ఎందుకండీ?" ఫిబ్రవరి వస్తే, అంటే నల్లజాతి చరిత్ర నెల (బ్లాక్ హిస్టరీ మంత్) రాగానే, అమెరికాలో మన తెలుగు ఇళ్లల్లో వినిపించే మాట ఇది. తెల్లపిల్లల బడిలో అడుగుపెట్టిన నల్లజాతి పాప రూబీ బ్రిడ్జెస్ కథ బొమ్మల పుస్తకంగా బడి నుంచి ఇంటికొస్తుంది. చదివి వినిపిస్తూ, ఇబ్బందిగా అనిపించిన పేజీని గబుక్కున తిప్పేస్తాం. తిప్పొద్దనే నేనంటాను.

1960 నవంబరు 14న న్యూ ఆర్లియన్స్‌లో, అప్పటిదాకా తెల్లపిల్లలు మాత్రమే చదివిన విలియం ఫ్రాంట్జ్ స్కూలు మెట్లెక్కిన నాటికి రూబీకి ఆరేళ్లు. వెంట రక్షణగా ఫెడరల్ మార్షల్స్, అంటే కేంద్ర ప్రభుత్వ అధికారులు. బయట గుంపుని, గోలని చూసి ఆ పిల్ల మార్డి గ్రా పండగేమో అనుకుందట. ఇక్కడ మన పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ గుంపులోనే ఒకావిడ చిన్న శవపేటికలో నల్ల బొమ్మను పెట్టి చూపించింది. ఇంకొకావిడ విషం పెడతానని బెదిరించడంతో, రూబీ ఇంటి నుంచి తెచ్చుకున్నది తప్ప ఏదీ తినకూడదన్నారు. చాలామంది తెల్లవాళ్లు తమ పిల్లల్ని బడి మాన్పించేశారు. బోస్టన్ నుంచి వచ్చిన టీచర్ బార్బరా హెన్రీ ఏడాదంతా ఆ ఒక్క పిల్లకే పాఠాలు చెప్పింది.

"ఆ అమ్మానాన్నలు ఎందుకు మాన్పించారు?" అని పిల్లలు అడుగుతారు. చెడ్డవాళ్లు కాబట్టి అని తేల్చేస్తే సరిపోదు. వాళ్లూ పొద్దున్నే లంచ్ బాక్సు కట్టి పంపేవాళ్లే, మా పిల్లల మంచి కోసమే అనుకున్నవాళ్లే. స్కూల్ రేటింగ్ చూసి, పక్కింట్లో ఎవరుంటారో వాకబు చేసి ఇల్లు కొనే మనకి ఈ ప్రశ్న కాస్త గుచ్చుకోవాలి.

రూబీ ధైర్యం దగ్గరే కథ ఆపేసే పుస్తకం నాకు నచ్చదు. పెట్రోల్ బంకులో వాళ్ల నాన్న ఉద్యోగం పోయింది. మిసిసిపీలో తాతయ్యవాళ్లని పాలుకు చేసుకునే పొలం నుంచి వెళ్లగొట్టారు. పొరుగాయన ఒకరు నాన్నకి పని ఇప్పించాడు, వీధివాళ్లు రూబీ ఎక్కిన కారు వెనకాలే నడిచారు. పిల్లలకి కనపడాల్సింది ఈ జనం కూడా.

మనకేం సంబంధం అనేవాళ్లకి ఒక్క మాట. నల్లజాతివాళ్ల పౌరహక్కుల ఉద్యమం ఉధృతంగా సాగిన రోజుల్లోనే, 1965లో అమెరికా వలస చట్టం మారింది. అంతకుముందు ఇక్కడికి వలస రావడానికి భారతీయుల కోటా ఏడాదికి వంద మంది.

"మరి ఇండియాలో?" అనే ప్రశ్నా వస్తుంది. చిన్నప్పుడు అంబేడ్కర్ క్లాసులో విడిగా, ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెసంచి మీద కూర్చోవాల్సి వచ్చిందని చెప్పండి. ఆ పేజీ తిప్పేయాలని మనకి ఇంకా బలంగా అనిపిస్తుంది, అక్కడ అంటరానితనం పాటించింది మన తాతముత్తాతల్లాంటి వాళ్లే కాబట్టి.